సైటోకైన్లు, సీఆర్‌పీ, ఇమ్యూనిటీ: రిపోర్టు చేతికి రాగానే జనం అడిగే ప్రశ్నలు

నెల్లూరు పొగతోటలో లాబ్ కౌంటర్ వెనక కూర్చునేవాణ్ణి. రిపోర్టు అందుకున్నాక డాక్టరు పిలిచేదాకా అందరికీ టెన్షనే, ఆ టెన్షన్‌లో ప్రశ్నలన్నీ మా మీదే పడతాయి. వైద్యం చెప్పడం నా పని కాదు, చెప్పను కూడా. కానీ ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పొచ్చు కదా, అందుకని ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇక్కడ రాసి పెడుతున్నాను.

సైటోకైన్ అంటే ఏంది సార్? క్రిమా, మందా?

రెండూ కాదు. మన కణాలే తయారుచేసుకునే చిన్న ప్రోటీన్. ఒక కణం దాన్ని బయటికి వదులుతుంది. ఇంకో కణం మీద దానికి సరిపడే రిసెప్టర్ ఉంటే పోయి దానికి అతుక్కుంటుంది, అతుక్కున్నాక ఆ రెండో కణం చేసే పని మారిపోతుంది. రిసెప్టర్ లేని కణానికి అది వచ్చినట్టు కూడా తెలియదు. ఇంటర్‌ల్యూకిన్లు (ఐఎల్-1, ఐఎల్-6 అని నంబర్లు వేసి పిలుస్తారు), ఇంటర్‌ఫెరాన్లు, టీఎన్ఎఫ్, కీమోకైన్లు, అన్నీ ఈ కుటుంబంలోవే.

ఇంటర్‌ఫెరాన్ 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే ఇద్దరికి దొరికింది. వేడి చేసి చంపేసిన ఫ్లూ వైరస్‌ని కోడిగుడ్డు లోపలి పొర ముక్కల మీద వేశారు. ఆ ముక్కలు వదిలిన ద్రవాన్ని తీసి కొత్త ముక్కలకు పట్టిస్తే, వాటిలో బతికున్న వైరస్ కూడా సరిగా పెరగలేకపోయింది. వైరస్ తాకిన కణం తన సంగతి తను చూసుకోవడమే కాకుండా పక్క కణాలను కూడా సిద్ధం చేస్తుందని అట్లా తేలింది.

జ్వరం క్రిమి వల్లే కదా, మధ్యలో ఈ సైటోకైన్లు ఎందుకు?

క్రిమి మొదలుపెడుతుంది, వేడి పెంచేది మాత్రం మన ఒళ్లే. బ్యాక్టీరియానో వైరస్‌నో పసిగట్టిన మాక్రోఫేజ్ (క్రిములను మింగే తెల్ల రక్తకణం) లాంటి కణాలు ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్ఎఫ్ వదులుతాయి. ఆ సంకేతం మెదడులోని హైపోథాలమస్‌కి చేరితే అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తయారై, ఒంటి వేడి ఎంత ఉండాలన్న లెక్కే పైకి జరుగుతుంది. లెక్క 102కి జరిగి ఒళ్లు ఇంకా 99 దగ్గరే ఉందనుకోండి, మనకు చలేస్తుంది, పళ్లు కొట్టుకుంటాయి, మే నెల ఎండల్లో కూడా దుప్పటి అడుగుతాం. ఆ వణుకు ఒళ్లు వేడి పుట్టించుకునే పద్ధతి. పారాసిటమాల్ వేసుకుంటే ఆ ప్రోస్టాగ్లాండిన్ తగ్గి లెక్క మళ్లీ కిందికి వస్తుంది, అప్పుడు చెమట పట్టి జ్వరం దిగుతుంది. లోపలి క్రిమికి ఆ మాత్ర చేసేదేమీ లేదు, కాబట్టి "మాత్ర వేస్తే తగ్గి మళ్లీ వస్తాందే" అని కంగారు పడక్కర్లేదు. అది అట్లానే వస్తుంది.

ఒళ్లు నొప్పులు, నోరు చేదు, అన్నం సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకుండా మూల పడుకోవాలనిపించడం, ఇవన్నీ కూడా చాలావరకు ఐఎల్-1, టీఎన్ఎఫ్ మెదడు మీద చేసే పనే. టీకా వేయించుకున్న రాత్రి పిల్లవాడికి వెచ్చబడేదీ ఇందుకే, సూదిలో జబ్బు ఉండి కాదు.

సీఆర్‌పీ ఎక్కువుందని రాశారు, ప్రమాదమా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ అడిగేది ఇదే. సీఆర్‌పీ సైటోకైన్ కాదు, సైటోకైన్ వచ్చిపోయిన జాడగా రక్తంలో కనిపించే ఇంకో ప్రోటీన్. ఐఎల్-6 రక్తంలో లివర్‌కి చేరితే లివర్ సీఆర్‌పీ తయారుచేయడం మొదలుపెడుతుంది. ఐఎల్-6ని నేరుగా కొలవొచ్చు గానీ అది త్వరత్వరగా మారుతుంటుంది, పరీక్షకు ఖర్చూ ఎక్కువే. సీఆర్‌పీ అట్లా కాదు: ఇన్‌ఫెక్షన్ మొదలైన కొన్ని గంటల్లో పెరగడం మొదలై రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది, కారణం తొలగిపోతే సుమారు 19 గంటలకోసారి సగానికి పడుతుంది. అందుకే డాక్టర్లు ఒక్క నంబరు చూసి వదిలేయకుండా మర్నాడు మళ్లీ చేయిస్తారు, వాళ్లకు కావాల్సింది ఎటు పోతుందన్నది. దీన్ని రెండోసారి డబ్బులు గుంజడం అనుకునేవాళ్లు ఉన్నారు, ఈ ఒక్క విషయంలో డాక్టరుదే న్యాయం.

ఇంకో సంగతి, సీఆర్‌పీ కారణం చెప్పదు. న్యుమోనియా అయినా, కీళ్లవాతం అయినా, ఆపరేషన్ అయినా, మోటార్‌సైకిల్ మీంచి పడ్డా పెరుగుతుంది. అట్లాగే ఐఎల్-6ని అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ వేసుకున్నవాళ్లకు లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ తక్కువ చూపించవచ్చు. లివర్‌కి ఆ సంకేతమే అందడం లేదు మరి. ఆ ఇంజెక్షన్ వాడుతున్నట్టయితే సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.

బయట అతుక్కుంటే కణం లోపల ఎట్లా తెలుస్తుంది?

దర్గామిట్టలో కాలేజీకి పోయే పిల్లలు అడిగే ప్రశ్న ఇది, నాకు ఇష్టమైనది కూడా, కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను, వద్దనుకునేవాళ్లు తర్వాతి ప్రశ్నకు పోవచ్చు.

రిసెప్టర్ సగం కణం బయట ఉంటే దాని తోక లోపల ఉంటుంది. ఆ తోకను పట్టుకుని జాక్ అనే ఎంజైము ఊరికే కాచుకుని ఉంటుంది. సైటోకైన్ వచ్చి రెండు రిసెప్టర్ ముక్కలను దగ్గరికి చేర్చగానే రెండు జాక్‌లూ ఎదురెదురు పడి ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి, తర్వాత తోకకు కూడా తగిలిస్తాయి. ఫాస్ఫేట్ పడిన చోటికి స్టాట్ అనే ప్రోటీన్ వచ్చి కూర్చుంటుంది, దానికీ ఫాస్ఫేట్ పడుతుంది. అట్లా ఫాస్ఫేట్ పడ్డ రెండు స్టాట్‌లు జత కట్టి న్యూక్లియస్‌లోకి పోయి, డీఎన్‌ఏ మీద తమకు గుర్తున్న చోట్ల వాలి, అక్కడి జీన్లను పనిలోకి దింపుతాయి. మొత్తం నిమిషాల్లో అయిపోతుంది.

మనిషిలో జాక్‌లు నాలుగే (జాక్1, జాక్2, జాక్3, టిక్2), స్టాట్‌లు ఏడే. సైటోకైన్లు మాత్రం పదుల్లో ఉన్నాయి. ఇంత కొద్ది సామానుతో అన్ని రకాల కబుర్లు ఎట్లా పోతాయంటే, ఏ రిసెప్టర్‌కి ఏ జాక్ జంట, దాని వెంట ఏ స్టాట్ అన్న కలయికల వల్ల, పైగా ఒకే స్టాట్ వచ్చినా ఏ జీన్లు తెరుచుకుని ఉన్నాయన్నది కణాన్ని బట్టి మారుతుంది. జాక్3 పాడై పుట్టిన పిల్లలకు టీ కణాలే (క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) తయారు కావు, మామూలు జలుబు కూడా ప్రాణం మీదికి వస్తుంది. టీఎన్ఎఫ్, ఐఎల్-1 దారి వేరు, అవి ఎన్ఎఫ్-కప్పాబీ అనే ఇంకో ప్రోటీన్‌ని విడుదల చేయిస్తాయి.

సరే, మొదలైంది. ఆపేది ఎవరు?

నా మట్టుకు అసలు ప్రశ్న ఇది, దీన్ని అడిగేవాళ్లే తక్కువ. సోమశిల నీళ్లు వదిలినప్పుడు తూము ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు, ఎప్పుడు దించాలో తెలిసిన లస్కరు ఉంటేనే పైన పొలం మునగకుండా కింద పొలం ఎండకుండా ఉంటుంది. ఒంట్లో ఆ పనికి ఒకరు కాదు, చాలామంది ఉన్నారు.

మొదటిది, స్టాట్ పోయి తెరిచే జీన్లలోనే సాక్స్ అనే ప్రోటీన్ల జీన్లు కూడా ఉంటాయి. ఆ సాక్స్ తయారై వచ్చి జాక్‌నే పట్టి ఆపేస్తుంది. అంటే సంకేతం తన అంతాన్ని తనే రాసుకుని వస్తుంది. సాక్స్1 జీన్ తీసేసిన ఎలుక పిల్లలు ఇంటర్‌ఫెరాన్ గామా అదుపు తప్పి పుట్టిన మూడు వారాల లోపే చచ్చిపోయాయి. ఎన్ఎఫ్-కప్పాబీ కూడా తనను కట్టేసే ప్రోటీన్‌ని తనే తయారుచేయిస్తుంది.

ఆ తర్వాత, చల్లార్చే పనికే ఉన్న సైటోకైన్లు: ఐఎల్-10, టీజీఎఫ్-బీటా. ఐఎల్-10 రిసెప్టర్ పాడైన పసిపిల్లలకు ఏడాది నిండకముందే పేగులు పుండ్లు పడతాయి, ఎందుకంటే పేగులో ఎప్పుడూ ఉండే మామూలు బ్యాక్టీరియా మీదే ఒళ్లు యుద్ధానికి దిగుతుంది. ఇక ఐఎల్-1 కూర్చునే చోట ముందుగా తను కూర్చుని ఏ పనీ చేయకుండా సీటు ఆపేసే ప్రోటీన్ ఒకటుంది, దాని పేరు ఐఎల్-1 రిసెప్టర్ యాంటగనిస్ట్. దాన్నే కొద్దిగా మార్చి అనాకిన్రా అని మందుగా అమ్ముతున్నారు.

వీటన్నిటి పైన రెగ్యులేటరీ టీ కణాలు. వీటిని గుర్తించి, ఫాక్స్‌పీ3 అనే జీన్ వీటికి ఎంత ముఖ్యమో తేల్చినందుకే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచికి 2025 వైద్య నోబెల్ వచ్చింది. ఇవి చేసే పనుల్లో ఒకటి భలే ఉంటుంది: మిగతా టీ కణాలు పెరగడానికి కావాల్సిన ఐఎల్-2ని ఇవే ముందు పట్టేసుకుంటాయి.

సైటోకైన్ స్టార్మ్ అని కరోనాలో అన్నారే, అదేంది?

రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే తేలింది, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. అప్పటి నుంచి ఈ మాట ఊరందరికీ తెలుసు. పైన చెప్పిన ఆపే ఏర్పాట్లు చాలక, వదిలిన సైటోకైన్లు ఇంకా కణాలను రేపి, అవి ఇంకా వదిలి, రక్తనాళాల గోడలు వదులై ద్రవం ఊపిరితిత్తుల్లోకి కారడం, బీపీ పడిపోవడం, రక్తం లోపలే గడ్డలు కట్టడం, స్థూలంగా ఇదీ సంగతి. క్రిమే అవసరం లేదు దీనికి. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే కొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇస్తే, రెండు గంటలు తిరక్కముందే తలనొప్పి, వణుకు మొదలై ఆరుగురూ ఐసీయూలో పడ్డారు. అందరూ బతికారు గానీ, ఆ మందు నేరుగా టీ కణాలను రెచ్చగొట్టడం వల్ల వచ్చిన తుఫానది.

కరోనాలో ఐఎల్-6 పెరిగిన మాట నిజమే, కానీ సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినడం) రోగుల్లో కనిపించేంత ఎక్కువ చాలామందిలో లేదు. అందుకే "అంతా సైటోకైన్ స్టార్మే" అని కొట్టిపారేయడం నాకు సరిగా అనిపించదు.

మరి స్టెరాయిడ్ మొదటి రోజే వేసుంటే ఆగిపోయేది కదా?

లేదు, చాలామంది ప్రాణం మీదికి తెచ్చుకుంది ఇక్కడే. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో చెప్పింది చూడండి: రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో లాభం ఏమీ కనపడలేదు. ఒకటే మందు, ఒకటే జబ్బు. తేడా సమయంలో ఉంది. మొదటి రోజుల్లో వైరస్‌ని పట్టేది ఇంటర్‌ఫెరాన్లూ, వాటి వెంట వచ్చే టీ కణాలూ, అప్పుడే వాటి నోరు నొక్కితే వైరస్‌కి మనమే దారి ఇచ్చినట్టు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అదుపులో లేని షుగరూ, స్టెరాయిడ్ వాడకమూ ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూపించి మందుల షాపులో డెక్సా కొనుక్కున్న రోజులు మర్చిపోకండి.

డెంగీలో జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. తగ్గినట్టా, ముదిరినట్టా?

జాగ్రత్తగా ఉండాల్సింది సరిగ్గా అప్పుడే. డెంగీలో ప్రమాదం చాలామందికి మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, జ్వరం దిగేటప్పుడు వస్తుంది. వైరస్ తగ్గుముఖం పట్టినా, అది రేపిన సైటోకైన్లూ వైరస్ వదిలిన ఎన్ఎస్1 ప్రోటీనూ కలిసి సన్నటి రక్తనాళాలను కారేటట్టు చేస్తాయి. రక్తంలోని నీరు బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది, అందుకే రిపోర్టులో ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వంతు) అన్న గడి కూడా చూడాలి. మనవాళ్ల కళ్లన్నీ ప్లేట్‌లెట్ల మీదే, ఇంకేదీ చూడరు. కడుపులో నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా అయిపోవడం, వీటిలో ఏది కనపడినా బొప్పాయి ఆకు రసం నూరుతూ కూర్చోకుండా ఆస్పత్రికి పోవాలి. బ్రూఫెన్, ఆస్పిరిన్ వేయొద్దు.

కీళ్లవాతానికి ఇంజెక్షన్ అన్నారు, ముందు టీబీ టెస్టు ఎందుకు? నాకు దగ్గే లేదు.

మన దేశంలో చాలామంది ఊపిరితిత్తుల్లో టీబీ బ్యాక్టీరియా నిద్రపోతూ ఉంటుంది. మాక్రోఫేజ్‌లు దాని చుట్టూ గడ్డలా చేరి, గ్రాన్యులోమా అంటారు, బయటికి రానీకుండా బంధించి ఉంచుతాయి. ఆ గడ్డ చెదరకుండా నిలవడానికి టీఎన్ఎఫ్ కావాలి, లోపలి బ్యాక్టీరియాని చంపే శక్తి మాక్రోఫేజ్‌కి రావడానికి ఇంటర్‌ఫెరాన్ గామా కావాలి. కీళ్లను తినేస్తున్నదీ అదే టీఎన్ఎఫ్. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు టీఎన్ఎఫ్‌ని పట్టేస్తాయి, కీళ్ల వాపు దిగుతుంది, గడ్డ వదులై టీబీ బయటపడే ప్రమాదమూ వస్తుంది. టోఫాసిటినిబ్ లాంటి జాక్ మాత్రలకూ ఇదే జాగ్రత్త. మేము చేసే ఇగ్రా టెస్టు కూడా సైటోకైన్ టెస్టే: మీ రక్తానికి టీబీ ప్రోటీన్లు కలిపి, టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా ఎంత వదిలాయో కొలుస్తాం.

టీఎన్ఎఫ్‌ని అడ్డుకుంటే కీళ్లవాతం తగ్గుతుందని చూపించిన ఇద్దరిలో ఒకరు లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, ఇంకొకరు మార్క్ ఫెల్డ్‌మాన్. 2003లో లాస్కర్ అవార్డు ఇచ్చారు. ఈ ఇంజెక్షన్ల ఖరీదు చూసి "పొడి మందు" వాడేవాళ్లకు ఒక్క మాట, అట్లాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం బయటపడ్డ సందర్భాలున్నాయి, రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించండి.

రొయ్యల ఇగురు తింటే నాకు దద్దుర్లు. బాగా ఉడికిస్తే పోతుందా?

పోదు. రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే కండ ప్రోటీన్ ఉంటుంది, ఉడికినా దాని తీరు పెద్దగా మారదు. మీ టీ కణాలు దాన్ని చూసి ఐఎల్-4, ఐఎల్-13 వదిలాయి, వాటి మాట విని బీ కణాలు ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీని తయారుచేశాయి, ఆ ఐజీఈ మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుంది, ఇక రొయ్య తగిలితే ఆ మాస్ట్ కణాలు దద్దుర్లు లేపే హిస్టమిన్ కుమ్మరిస్తాయి. ఇదే దారి పేగుల్లో పురుగులు పడ్డప్పుడు పనికొస్తుంది, రిపోర్టులో ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరగడం వెనక ఉండేది ఐఎల్-5. బొద్దింకల్లో, ఇంటి దుమ్ములోని సన్న పురుగుల్లో కూడా ట్రోపోమయోసిన్ ఉంది, అందుకే దుమ్ము పడనివాళ్లలో కొందరికి రొయ్యలు కూడా పడవు. దద్దుర్లతో ఆగకుండా గొంతు బిగుసుకుంటే అలర్జీ మాత్రతో సరిపెట్టుకోవద్దు, అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి, వెంటనే.

మార్కాపురం పక్క పలకల పని చేసేవాళ్లకు ఊపిరితిత్తులు ఎందుకు బిగుస్తాయి?

పలక రాయిలో క్వార్ట్జ్ ఉంటుంది, కోసేటప్పుడు లేచే సన్నటి సిలికా ధూళిని మాక్రోఫేజ్ మింగుతుంది గానీ అరిగించుకోలేదు. లోపల ఇన్‌ఫ్లమసోమ్ అనే యంత్రాంగం లేచి ఐఎల్-1 బీటా వదులుతుంది. కణం చచ్చిపోయి ధూళి బయటపడితే ఇంకో కణం మింగుతుంది, మళ్లీ అదే కథ. మాన్పే ఉద్దేశంతో వచ్చిన టీజీఎఫ్-బీటా పీచు పేరుస్తూ పోతుంది. ఈ ధూళి టీబీ ప్రమాదాన్నీ పెంచుతుంది. తడిపి కోయడం, మాస్కు, అంతకంటే మందు లేదు.

మా వనామీ చెరువుకి ఇమ్యూనిటీ బూస్టర్ ఇమ్మంటున్నారు, రొయ్యకూ సైటోకైన్లు ఉంటాయా?

ఉంటాయి, మనవాటిలాంటివి కొన్ని. జాక్, స్టాట్ దారి రొయ్యలోనూ ఉంది. లేనివి యాంటీబాడీలు, టీ కణాలు, కాబట్టి మన టీకాలాంటిది రొయ్యకు పని చేస్తుందని ఎవరైనా చెబితే రెండుసార్లు ఆలోచించాలి. దారుణం ఏందంటే, వైట్ స్పాట్ వైరస్ రొయ్య స్టాట్‌నే వాడుకుని తన మొదటి జీన్‌ని పనిలోకి దింపుకుంటుంది. కాపాడాల్సిన సంకేతమే దానికి మెట్టు. కాబట్టి ఆ సంకేతాన్ని ఇంకా పెంచుతామనే డబ్బా చూస్తే నాకు భయమే. మేతలో కలిపే బీటా గ్లూకాన్ రొయ్య రక్తకణాలను రేపే మాట నిజం, కానీ చెక్ ట్రేలో మేత మిగిలిపోతున్న చెరువుకి డబ్బాలు కుమ్మరించే బదులు టెస్టు చేయించిన సీడు తెచ్చుకోవడం మేలు.

మనుషులకైనా ఇమ్యూనిటీ పెంచే మందు చెప్పండి.

2021 మే నెలలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆకు మందు కోసం జనం ఎట్లా ఎగబడ్డారో మనందరం చూశాం. భయంలో ఉన్నవాణ్ణి తప్పు పట్టను. కానీ అప్పుడైనా ఇప్పుడైనా ఎవరు ఏ సీసా అమ్మినా నేను అడిగేది ఒకటే: ఏది పెంచుతుంది? ఐఎల్-6 పెంచితే జ్వరం, ఐఎల్-4 పెంచితే అలర్జీ, టీఎన్ఎఫ్ పెంచితే కీళ్లు, ఐఎల్-10 పెంచితే క్రిమికి ఆటవిడుపు. అన్నీ కలిపి పెంచితే ఐసీయూ. పెంచాల్సింది ఒక క్రిమిని గుర్తుపట్టే జ్ఞాపకాన్ని, ఆ పని టీకా చేస్తుంది. నిద్ర, షుగర్ అదుపు, పొట్ట తగ్గించుకోవడం కూడా నిజంగా పనికొస్తాయి, పొట్ట కొవ్వు తనంతట తనే టీఎన్ఎఫ్, ఐఎల్-6 వదులుతుంటుంది కాబట్టి.

అయితే సైటోకైన్ ప్యానెల్ ఒకసారి చేయించుకుంటే మంచిదేనా?

డాక్టరు రాస్తే తప్ప వద్దు. లాబ్ వాణ్ణి అయ్యుండీ చెబుతున్నాను. పొద్దున తీసిన ఐఎల్-6కీ సాయంత్రం తీసినదానికీ తేడా వస్తుంది, రక్తం తీసి సీరం వేరుచేయకుండా ట్యూబులో ఎక్కువసేపు వదిలేస్తే కణాలు అందులోనే ఇంకా వదిలి నంబరు మారిపోతుంది. కావలి నుంచో కందుకూరు నుంచో బస్సులో ట్యూబు పంపించి, నాలుగు గంటల తర్వాత మాకు చేరిన శాంపిల్‌తో వచ్చిన నంబరు పట్టుకుని రాత్రంతా గూగుల్‌లో వెతుక్కోవడం ఎందుకు చెప్పండి.